బెట్ట పీస్‌లో ఉరుము ఎప్పుడు ఉరమాల?

అనంతపురం నుంచి ఒకమ్మాయి రాసింది, పేరు వద్దంది కాబట్టి రాయను. వయసు 27, ఒక ప్రైవేట్ స్కూల్లో మ్యూజిక్ టీచరు, చిన్నప్పట్నుంచి కర్ణాటక వయొలిన్, మూడేళ్లుగా ఆన్‌లైన్‌లో గీతల మీద రాసే వెస్ట్రన్ స్టాఫ్ నొటేషన్, హార్మనీ నేర్చుకుంటా ఉంది. లెటరు చానా పెద్దది, రాత్రి పూట ఫోన్‌లో టైప్ చేసినట్టుంది, మధ్యలో రెండు చోట్ల ఏడ్చినట్టు కూడా ఉంది. లెటర్‌తో పాటు పదకొండు నిమిషాల రికార్డింగ్ పంపింది. కుదించి చెప్తా.

వీళ్లది నలుగురి గ్రూపు. ఈమె వయొలిన్, స్కూల్లో కొలీగ్ ఇంకో వయొలిన్, ధర్మవరం అబ్బాయి ఒకడు సెల్లో, అంటే లావు గొంతు పెద్ద వయొలిన్ లాంటిది, వాడు బెంగళూరులో ఉద్యోగం, శని ఆదివారాలు వస్తాడు. నాలుగోది క్లారినెట్, అది పెళ్లి బ్యాండ్‌లో నలభై ఏళ్లుగా వాయిస్తున్న ఒక పెద్దమనిషి, ఈమె చిన్నాయనా అని పిలుస్తుంది, సొంత చిన్నాయన కాదు, వీధిలో వరస. ఈమె రాసిన పీస్ పేరు "బెట్ట", అంటే వాన లేక పైరు ఎండే కాలం. పదును వాన పడింది, బుడ్డలు, అంటే వేరుశనగ, విత్తినారు, మొలక వచ్చింది, తర్వాత నలభై రోజులు చినుకు లేదు, ఆఖరికి ఒక సాయంత్రం మబ్బు పట్టింది. అంతే కథ. చివర రెండు నిమిషాలు వాళ్ల అమ్మమ్మ ఊరి నుంచి ఒక తాతను పిలిపించి ఉరుము, అంటే అమ్మవారి జాతరల్లో వాయించే వాద్యం, వాయింపించింది.

పోయిన నెల ఇంట్లో హాల్లో పదిహేను మంది చుట్టాల ముందు ట్రయల్ వేసినారు. అయిపోయినాక వాళ్ల నాయన, పద్యనాటకాలకు హార్మోనియం వాయించిన మనిషి, "దయ్యం సినిమా చూసినట్టుండాది, పాట యాడుందిమ్మా ఇందులో" అన్నాడంట. క్లారినెట్ చిన్నాయన అప్పుడేం అనలేదు, గేటు దగ్గర చెప్పులేసుకుంటా, "పాపా, నలభై ఏండ్లు ఊదినా, ఊదకుండా వట్టి గాలి వదలమని నన్ను ఎవురూ అడగలా" అని వెళ్లిపోయినాడు, ఆ తర్వాత రెండు ప్రాక్టీసులకు రాలేదు. సెల్లో అబ్బాయేమో ఇంకా డేరింగ్‌గా ఉండాల, ఎఫెక్ట్స్, అంటే వాద్యాన్ని మామూలుగా కాకుండా పలికించే కిటుకులు, ఇంకా పెంచు అంటున్నాడు. ఉరుము మొదలయ్యేసరికి మిగతా నాలుగు వాద్యాలూ వినపడకుండా పోయినాయి. అదే టైంలో మూల కూర్చున్న వాళ్ల ముసలి జేజి లేచి నిలబడి రెండు చేతులూ ఎత్తి మొక్కింది. ఆ తర్వాత ఇంట్లో రెండు పార్టీలు, అమ్మవారి వాద్యాన్ని తెచ్చి ప్రోగ్రాంలో పెట్టొచ్చా లేదా అని.

ఆమె అడిగింది మూడు. ఎఫెక్ట్స్ అన్నీ తీసేసి మామూలుగా రాయాలా? ఉరుము ఉంచాలా? చిన్నాయనకు ఏం చెప్పాల? ఇంకో రెండు నెలల్లో మే నెలలో ఒక కల్యాణమండపంలో ప్రోగ్రాం ఉంది, అడ్వాన్స్ కట్టేసినారు.

ఇంక నా మాట.

చెల్లీ, నీ రికార్డింగ్ మూడు సార్లు విన్నా. మొదటిసారి వంట చేస్తా విన్నా, రెండోసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మూడోసారి పెన్నూ పేపరూ పెట్టుకుని. నీకు చెవి ఉంది, అది ముందు చెప్తున్నా ఎందుకంటే తర్వాత చెప్పేవి కొంచెం గుచ్చుకుంటాయి. ఏడో నిమిషంలో నీ వయొలిన్ ఒక్కటే మిగిలి కమాను దాదాపు ఆగిపోయేంత నెమ్మదిగా లాగినావే, అక్కడ స్టవ్ మీద పప్పు మాడింది నాకు. ఆ పది సెకన్లు రాయగలిగిన మనిషికి మిగతా దాదాపు పదకొండు నిమిషాలు ఎందుకంత భయమో అర్థం కాలేదు.

భయం అనే అంటా నేను. పేపర్ మీద లెక్క వేసినా. మొదటి రెండు నిమిషాల్లో తీగలు ఆనే బ్రిడ్జి పక్కన కమాను వణికించే ట్రెములో, కమాను కర్రతో కొట్టడం, వేలు తీగకు తాకీ తాకనట్టు పెట్టి తీసే హార్మానిక్స్, జారుడు, వేలితో తీగ మీటే పిజికాటో, క్లారినెట్ గాలి శబ్దం, క్లారినెట్ మీటల టకటక, శబ్దం అణిచే మ్యూట్ వేసిన సెల్లో, సెల్లో బాడీ మీద వేళ్లతో తట్టడం. తొమ్మిది. రెండు నిమిషాల్లో తొమ్మిది. వినేవాళ్లకు ఇంకా వయొలిన్ మామూలుగా ఎట్ల పలుకుతుందో కూడా నువ్వు చెప్పలేదు, అప్పుడే దాన్ని వంచి చూపిస్తున్నావు. బ్రిడ్జి పక్కన కమాను పెడితే అసలు స్వరం పలచబడి పైన ఉండే సన్నటి అంశాలు పైకి తేలతాయి, గాజు గీసినట్టు ఉంటుంది. సరే. అది గాజులా ఉందని తెలియాలంటే అంతకుముందు చెక్కలా వెచ్చగా ఉన్న శబ్దం ఒకటి చెవిలో ఉండాల కదా. అది లేకపోతే గాజే మామూలు అయిపోతుంది, ఇంక నువ్వు ఏం చేసినా దయ్యం సినిమానే.

నేనూ చేసినాలే ఈ పని. అప్పట్లో చెన్నైలో సినిమా రీరికార్డింగులకు వయోలా, అంటే వయొలిన్ కన్నా కొంచెం పెద్దది, వాయించేదాన్ని, ఒక పండగకు కర్నూలు వచ్చినప్పుడు తెలిసినవాళ్ల నాటకానికి వెనకనించి మ్యూజిక్ ఇస్తానని ఒప్పుకున్నా, ముగ్గురం ఉన్నాం. తల్లి చచ్చిపోయే సీను. నేను గొప్పగా హార్మానిక్స్ మీద ఒక జారుడు రాసినా, పైనుంచి కిందికి, ఆత్మ పోతున్నట్టు అని నా ఊహ. అది మొదలవంగానే మైకు అబ్బాయి స్టేజి మీదికి పరుగెత్తుకొచ్చి, చచ్చిపోయిన తల్లి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, వైరు ఊపి చూసి, మళ్లీ గుచ్చి పోయినాడు. తప్పు వాడిది కాదు. సాయంత్రం నుంచి మేం అట్లాంటి కీచు శబ్దాలే చేస్తున్నాం, వాడికి ఇది ఆత్మా, వైరు లూజా అని తెలిసే దారి నేను పెట్టలేదు.

దీనికి తిరగేసిన ఉదాహరణ ఒకటి చెప్తా. చెక్ దేశపు స్మెతానా అనే ఆయన 1874లో చెవుడు వచ్చినాక, 1876లో తన జీవితం మీద ఒక స్ట్రింగ్ క్వార్టెట్, అంటే నలుగురు తీగ వాద్యాల వాళ్లు వాయించేది, రాసినాడు. నాలుగు భాగాలు. మొత్తం మామూలు వయొలిన్లు, పోల్కా డాన్సులు, ప్రేమ, ఆఖరి భాగం కూడా సంబరంగా పోతా ఉంటుంది. ఉన్నట్టుండి అంతా ఆగుతుంది. కింద ముగ్గురూ వణికే కమానుతో సన్నగా పట్టుకుంటే ఫస్ట్ వయొలిన్ అంతెత్తున ఒకే ఒక్క స్వరం పట్టుకుంటుంది. ఆయన చెవిలో మోగిన రొద అది, చెవుడు మొదలైనప్పుడు వచ్చింది. ఆ స్వరం ఒక్కటే విను, ఏమీ ఉండదు, పాలవాడి సైకిల్ బ్రేకు. ఇరవై ఐదు నిమిషాలకు పైగా మామూలుగా నడిచి అక్కడికొచ్చినావనుకో, కడుపులో చెయ్యి పెట్టినట్టు ఉంటుంది. ఆయన దగ్గర కూడా నీ దగ్గరున్న కమాను కిటుకుల్లో చానా వరకు ఉన్నాయి. దాచిపెట్టినాడు, అంతే.

కాబట్టి నీ మొదటి ప్రశ్నకు, అన్నీ తీసేయమని నేను చెప్పను. నీ ముందు దారులు ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో ఖర్చు.

ఒకటి, మొదటి నాలుగు నిమిషాలు సాదాగా మళ్లీ రాయడం. పదును వాన పడింది, మనుషులు సంతోషంగా ఉన్నారు, విత్తనం పడింది. అక్కడ కీచుమనడానికి ఏముంది? నిండుగా కమాను లాగు, పాట ఇవ్వు, మీ నాయన అడిగిన పాట. తర్వాత బెట్ట మొదలైనప్పుడు ఆ పాటలో నుంచే తడి తీసేయి. అదే పాట, అదే స్వరాలు, కమాను మెల్లిగా బ్రిడ్జి వైపు జరుగుతా ఉంటుంది, గమకం తగ్గుతా ఉంటుంది, చివరికి ఎముక మిగులుతుంది. అప్పుడు అది ఎఫెక్ట్ అని ఎవరూ అనరు, చేను ఎండిపోయింది అంటారు. దీనికయ్యే ఖర్చు ఏందంటే నువ్వు నాలుగు నిమిషాలు మంచి పాట రాయాల, అది కిటుకులన్నిటికన్నా కష్టం, పాట బాగాలేకపోతే దాక్కోడానికి చోటుండదు. రెండు నెలల్లో అవుతుందా అంటే అవుతుంది, స్కూల్లో పరీక్షల పేపర్లు దిద్దే పని లేకపోతే.

రెండోది, ఒక్కో భాగానికి ఒకే రంగు. హంగరీ ఆయన బార్టోక్ 1928లో రాసిన నాలుగో క్వార్టెట్‌లో ఒక భాగం మొత్తం మ్యూట్లు వేసుకుని వాయిస్తారు, ఇంకో భాగం మొత్తం కమాను పక్కన పెట్టి పిజికాటోనే. అట్ల నువ్వు కూడా నీ తొమ్మిదింటిలో మూడు ఏరుకుని, నలభై రోజుల బెట్టను మూడు ముక్కలు చేసి ఒక్కో ముక్కకు ఒకటి ఇయ్యొచ్చు. ఇందులో సుఖం ఏందంటే ఇప్పుడు రాసింది చానా వరకు పనికొస్తుంది, సర్దుకోవడమే. కష్టం ఏందంటే, ఒకే రంగు రెండు నిమిషాలు సాగాలంటే లోపల లయ, మాట గట్టిగా ఉండాల, లేకపోతే నలభై రోజులు నిజంగానే నలభై రోజులు అవుతాయి.

మూడోది, ఉన్నదున్నట్టు వాయించేయడం. అదీ ఒక దారే, నవ్వుతా చెప్పట్లేదు. కొందరు చివరిదాకా అట్లాంటివే రాసి మెప్పించినారు. అయితే క్లారినెట్ మనిషి లేకుండా వాయించాల్సి రావొచ్చు, అది కూడా లెక్కలో వేసుకో.

ఇక్కడ ఇంకో మాట, మర్చిపోతానేమో. మే నెల అనంతపురం. కల్యాణమండపం. ఫ్యాన్లు ఆపుతారా? ఆపరు, ఆపితే జనం అట్టలు తీసుకుని విసురుకుంటారు, ఆ చప్పుడు ఇంకా ఎక్కువ. నువ్వు రాసిన మీటల టకటక, కమాను కర్ర తట్టుడు, గాలి శబ్దం ఇవన్నీ మీ ఇంటి హాల్లో మూడడుగుల దూరంలో బాగుంటాయి. ఇరవై ఫ్యాన్ల కింద ఆ టకటక ఉండదు, ఆ గాలి శబ్దం ఫ్యాన్ గాలిలో గాలి. మైకు దగ్గర పెడితే వస్తుంది గానీ మైకు పెడితే మీటల టకటక గోడగడియారం అంత అవుతుంది. ఒకసారి ఖాళీగా ఉన్నప్పుడు మండపానికి పో, ఫ్యాన్లన్నీ వేయించు, చివరి వరసలో నువ్వు కూర్చుని మీ కొలీగ్‌ను స్టేజి మీద ఒక్కో ఎఫెక్ట్ వాయించమను. వినపడనివి అక్కడికక్కడే కొట్టేయి. తొమ్మిదిలో ఐదు అక్కడే పోతాయని నా అనుమానం, నీకు తేల్చుకునే బాధ తప్పుతుంది.

ఇప్పుడు చిన్నాయన.

ఆయన కోపం గాలి శబ్దం మీద కాదు తల్లీ. నీ పదకొండు నిమిషాలూ రాసుకున్నా, ఆయన చేత ఒక్క పూర్తి వాక్యం పలికించలేదు నువ్వు. గాలి, టకటక, మధ్యలో ఒక పొడుగు స్వరం, మళ్లీ గాలి. నలభై ఏళ్లు రోడ్డు మీద పెళ్లికొడుకు గుర్రం ముందు, డ్రమ్ములు, ట్రంపెట్ల మధ్య నలిగి కూడా పాట వినిపించిన మనిషి, ఆయనకు తెలిసింది పాట పలకడం. వట్టి గాలి వదలమంటే ఆయనకు ఎట్లుంటుందంటే, వంటాయన్ని పిలిచి విస్తళ్లు తుడవమన్నట్టు.

సంగీతం వైపు నుంచి చూసినా నువ్వు ఆయన దగ్గరున్న అసలు సొమ్ము వదిలేసినావు. బ్యాండ్ వాళ్లు క్లారినెట్‌ను ఎప్పుడూ పై స్థాయిలో గట్టిగా ఊదుతారు, వీధిలో వినపడాల కాబట్టి. కింది స్థాయి ఉంది చూడు, అది వేరే మనిషి గొంతు. చీకటిగా, చెక్క పెట్టెలో నుంచి మాట్లాడినట్టు. పైగా క్లారినెట్‌కు ఉన్న వరం, ఏమీ లేనిదాంట్లో నుంచి మొదలు పెట్టగలదు, ఎప్పుడు మొదలైందో తెలియదు, మిగతా గాలి వాద్యాలకు అది అంత సులువు కాదు. నీకు బెట్ట వినిపించాలంటే ఇంకేం కావాల? గాలి శబ్దం అడిగే బదులు, "చిన్నాయనా, కింది స్థాయిలో ఒక్క స్వరం, వినపడీ వినపడనట్టు మొదలుపెట్టి, వీధి చివరి దాకా పోయేంత పెంచు" అని అడిగి చూడు. ఇది నా సొంత తెలివి కాదు. ఫ్రాన్స్ ఆయన మెస్సియాన్ రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ఖైదీల క్యాంపులో ఉండి, అక్కడ దొరికిన తోటి ఖైదీలు ఒక క్లారినెట్, ఒక వయొలిన్, ఒక సెల్లో, తాను పియానో, ఆ నలుగురికే ఒక పీస్ రాసి 1941 జనవరిలో ఆ క్యాంపులోనే వాయించినారు. ఎనిమిది భాగాల్లో మూడోది మొత్తం ఒక్క క్లారినెట్టే, మిగతా ముగ్గురూ గమ్మున కూర్చోవాల. అందులో ఇట్లాంటి పొడుగు స్వరాలు ఉన్నాయి, లేదనిపించే చోట నుంచి చెవులు మూసుకునేంత వరకు. దొరికిన మనుషులతో రాసినాడు చూడు, నీ గ్రూపు కూడా అట్లాంటిదే, సెల్లో వాడు శనివారం బస్సుకు వస్తాడు, క్లారినెట్ ముహూర్తాలు లేని రోజు వస్తుంది.

చిన్నాయనకు స్టాఫ్ నొటేషన్ రాదు అన్నావు, మధ్యలో ఎక్కడ ఎంటర్ అవ్వాలో తెలియక నీ వైపు చూస్తా ఉన్నాడు, రికార్డింగ్‌లో రెండు చోట్ల నువ్వు "ఇప్పుడు" అనడం వినపడుతుంది. సరిగమల్లో తెలుగులో రాసి ఇవ్వు, పెద్ద అక్షరాలతో. ఆయనకు ముందు ఎవరు ఏం వాయిస్తారో అది కూడా రాయి, "పాప వయొలిన్ ఆగినాక నాలుగు లెక్కపెట్టి" అని. ఆయన క్లారినెట్ శృతి నీ శృతి ఒకటి కాదు, ఆయన సా నీకు ఏ స్వరమో నువ్వే మార్చి రాయాల, ఆయన్ని మార్చుకోమనకు. అన్నట్టు నీ వయొలిన్ స ప స ప, మీ కొలీగ్‌ది వెస్ట్రన్ శృతి, రెండు వయొలిన్లు రెండు రకాలుగా తీగలు కట్టి ఉన్నాయి. దాన్ని నువ్వు లోపం అనుకుని లెటర్‌లో సారీ చెప్పినావు. అది లోపం కాదు, ఒకే పాట ఇద్దరూ వాయిస్తే ఖాళీ తీగలు వేరే చోట్ల మోగుతాయి, మనిషికీ నీడకూ ఉన్నంత తేడా వస్తుంది. డబ్బులు లేకుండా దొరికిన రంగు, వాడుకో.

ఎట్ల చెప్పాల అంటే, ఫోన్‌లో చెప్పకు, మెసేజ్ అసలే వద్దు. కొత్తగా రాసిన కాగితం చేతిలో పెట్టుకుని ఇంటికి పో. సారీ చెప్పడం మొదలుపెడితే ఆయన "ఏం లేదులే పాపా" అని తేలిక చేసేస్తాడు, విషయం అట్లే ఉండిపోతుంది. కాగితం ఇచ్చి "ఇది ఊదేదానికి అవుతుందా లేదా చూడు చిన్నాయనా" అను. ఆయన పెట్టె తెరిచినాడంటే చాలు. తెరవకపోతే, ఆయనకు వేరే కారణం ఉందేమో, ఆరోగ్యం, పళ్లు, పెళ్లిళ్ల సీజన్, అది కూడా అడగాల. క్లారినెట్ ఊదే వాళ్లకు పళ్లు కదిలితే ఎవరికీ చెప్పరు, నాకు తెలుసు.

మీ నాయన సంగతి. దయ్యం సినిమా అన్నాడని నువ్వు మూడు సార్లు రాసినావు. ఆయన్ని శత్రువును చేసుకోకు, నీ పని ఆయనకు తెలిసినంత మీ సెల్లో అబ్బాయికి తెలియదు. నాటకాల వాళ్లు 1885లో మన కడప జిల్లా సురభి ఊరి నుంచి బయల్దేరి ఊరూరా తిరిగినప్పట్నుంచీ మన దగ్గర ఈ పని చేస్తున్నది హార్మోనిస్టులే, పేరు పెట్టలేదు అంతే. కాటి సీనులో హరిశ్చంద్రుడు పద్యం ఎత్తుకునే ముందు హార్మోనియం ఏం చేస్తుంది అని ఆయన్ని అడుగు. కావాలంటే పెట్టె ముందు పెట్టి చూపించమను. నేను చూసినాయన అయితే అప్పటిదాకా నిండుగా పలికించి, అక్కడ స్టాపర్లు నెట్టేసి, ఒక్క సన్నని స్వరం పట్టుకుని, గాలి తిత్తి కూడా ఊదీ ఊదనట్టు, వెనక కూర్చున్న పిల్లోడు కూడా ఏడుపు ఆపేవాడు. సభలో గాలి మారిపోయేది. అదే, నువ్వు చేయాలనుకున్నది అదే. ఆయన నీకు విలన్ కాదు, నీ పీస్‌కు ముందు వరస శ్రోత. అయితే ఆయన మాట మొత్తం వింటే ఒక ప్రమాదం ఉంది, ఆయన ప్రతిదానికీ పద్యం అడుగుతాడు, మాట లేని చోట కూడా. "పాట యాడుంది" అన్నదాన్ని తీసుకో, "అంతా పాటే ఉండాల" అంటే అక్కడ ఆపు.

సెల్లో అబ్బాయి డేరింగ్ అంటున్నాడు కదా, వాడికి నిజంగా డేరింగ్ పని ఒకటి ఇవ్వు. రష్యా ఆయన షోస్తకోవిచ్ 1944లో పూర్తి చేసి, చచ్చిపోయిన స్నేహితుడికి అంకితమిచ్చిన రెండో పియానో ట్రియో మొదలు వినమను. సెల్లో అన్నిటికన్నా పైన, హార్మానిక్స్‌లో, ఊపిరాడనట్టు పాడుతుంది, తర్వాత వయొలిన్ దానికి కింద వస్తుంది, ఇంకా కింద పియానో. లావుపాటి గొంతు మనిషి సన్నగా పాడితే, సన్నగొంతు మనిషి వాడి కింద నిలబడితే, ఏదో తేడా అయిందని సంగీతం తెలియనివాళ్లకు కూడా తెలిసిపోతుంది. గీరడం, తట్టడం ఏమీ లేదు, కుర్చీలు మార్చినారు అంతే. నీ ఐదో నిమిషంలో, మొలకలు వాడిపోయే చోట ఇది పెట్టి చూడు. వాడికి చేత్తో చానా కష్టం, ఒక నెల వేరే ఎఫెక్టులు అడగడు.

ఇంక ఉరుము. దీని గురించి చెప్పాలనే ఇంత దూరం వచ్చినా.

తెలియనివాళ్ల కోసం, ఉరుము అంటే అనంతపురం వైపు ఉరుముల వాళ్లు మెడలో వేసుకుని వాయించే రెండు ముఖాల వాద్యం, ఒక వైపు కొడతారు, ఇంకో వైపు వంపు కర్రతో రుద్దుతారు, ఆ రుద్దుడుకు లోపల్నుంచి మూలిగినట్టు గర్జించినట్టు ఒక శబ్దం లేస్తుంది, జాతరలో రాత్రి పూట వింటే అరికాళ్లలో తెలుస్తుంది. పేరు ఊరికే రాలేదు.

నీ ట్రయల్‌లో ఉరుము అందర్నీ మింగేసింది, నిజం. దానికంటే పెద్ద తప్పు ఇంకోటి జరిగింది, నువ్వు చూడలేదు. మూడో నిమిషంలో సెల్లో అడుగు తీగ మీద కమాను గట్టిగా అదిమి గీరినాడు. ఆ శబ్దం ఉరుముకు తమ్ముడు. అంటే మబ్బు పట్టకముందే, బెట్ట సగం కాకముందే, ఉరిమేసింది. తొమ్మిదో నిమిషంలో అసలు ఉరుము వస్తే చెవికి అది ఇంతకుముందు విన్నదే, ఇప్పుడు గట్టిగా వస్తున్నది, అంతే. ఆ గీరుడు తీసేయి. నేను ఈ లెటర్‌లో తీసేయి అని ఖచ్చితంగా చెప్పేది అదొక్కటే. ఇంకా చెప్పాలంటే తొమ్మిదో నిమిషం దాకా సెల్లోను అడుగు తీగ మీదికే పోనీయకు, కింది శబ్దం అంటేనే జనం మర్చిపోవాల.

జేజి లేచి మొక్కింది కదా, దాన్ని నువ్వు ఇబ్బందిగా రాసినావు. నాకైతే పదకొండు నిమిషాల్లో ఎఫెక్ట్ అంటే అదే. ఆమెకు అది ఎఫెక్ట్ కాదు, అమ్మవారు వచ్చిన శబ్దం. అట్లాంటి శబ్దాన్ని నువ్వు వాడుకుంటున్నప్పుడు దాని వెనక ఉన్నదంతా కూడా వస్తుంది, వద్దంటే పోదు. అందుకని తాతతో కూర్చుని మాట్లాడు, అమ్మవారి దగ్గర చెప్పి తెస్తానన్నాడని రాసినావు, అంటే ఆయనకు ఒక పద్ధతి ఉంది. ఎక్కడ వాయించొచ్చు, ఎక్కడ వద్దు, చెప్పులతో స్టేజి ఎక్కొచ్చా, ముందు టెంకాయ కొట్టాలా, ఇవన్నీ ఆయన చెప్పాల, మీ ఇంట్లో రెండు పార్టీలు కాదు. ఆయన వద్దంటే అక్కడితో సరి. ఊఁ అంటే మీ నలుగురికి ఎంత ఇస్తున్నారో ఆయనకూ అంత, పేరు చదివేటప్పుడు ఆయన పేరు కూడా, "జానపద కళాకారుడు" అని గుంపులో కలపకుండా.

ఆయన ఒప్పుకుంటే, స్టేజి మీద పక్కన నిలబెట్టకు. మండపం వెనక తలుపు అవతల, భోజనాల హాలు వైపు నిలబెట్టు. నలుగురూ వాయిస్తా ఉంటే కాదు, అందరూ ఆపినాక, చిన్నాయన పొడుగు స్వరం కూడా తగ్గిపోయినాక, ఫ్యాన్ల శబ్దం ఒక్కటే మిగిలినాక, దూరం నుంచి ఒక్క రుద్దుడు. జనం వెనక్కి తిరుగుతారు. దూరం ఉంది కాబట్టి నిన్ను మింగదు, తర్వాత నీ వయొలిన్లు దాని మీద రావొచ్చు. ఇబ్బంది ఏందంటే వెనక నిలబడిన మనిషికి స్టేజి వినపడదు, తలుపు దగ్గర ఎవరో ఒకరు చెయ్యి ఊపాల, ఆ సమయానికి వంటవాళ్లు గిన్నెలు కడగకూడదు. ముందే చెప్పి పెట్టు.

ఆయన ఒప్పుకోకపోతే, లేదా మీ ఇంట్లో ఇది తెగకపోతే, సెల్లో చేతే ఆ అడుగు తీగ గీరుడు అక్కడ చేయించొచ్చు, మూడో నిమిషంలో తీసేసినావు కాబట్టి అప్పటికి అది కొత్తగా ఉంటుంది. జేజి లేవదు, అది మాత్రం తెలుసుకుని చెయ్యి. ఫోన్‌లో రికార్డు చేసి స్పీకర్‌లో వేద్దామని సెల్లో అబ్బాయి అన్నాడంట, నాకు నచ్చదు, తాతకు చెప్పకుండా అయితే అసలే నచ్చదు. ఇంకో దారి కూడా ఉంది, ఉరుమే లేకుండా ముగించడం. మబ్బు పట్టింది, అందరూ ఆకాశం చూసినారు, ఒక్క పిజికాటో చినుకు, ఆగిపోయింది. మన వైపు చానా సార్లు అట్లనే కదా అయ్యేది. అప్పుడు చప్పట్లు కొట్టాల్నా వద్దా అని జనానికి తెలియదు, నువ్వు ఆ గమ్ముదనాన్ని భరించగలవా అనేది నిన్ను నువ్వు అడుక్కో.

ముందు ఏ పని అంటే, మండపం, ఫ్యాన్లు. తర్వాత తాత. ఆయన ఏమంటాడో తెలిసినాకే చివరి రెండు నిమిషాలు రాయగలవు, చివర తెలిసినాకే మొదట ఏం దాచాలో తెలుస్తుంది. చిన్నాయన దగ్గరికి మాత్రం ఈ ఆదివారమే పో, సోమవారం నుంచి ముహూర్తాలు మొదలైతే ఆయన దొరకడు. ఇంకోసారి రికార్డింగ్ పంపేటప్పుడు ఫోన్ స్టాండ్ పక్కన పెట్టకు, చివరి వరసలో కుర్చీ మీద పెట్టి పంపు.